కుట్లు మానాక అమ్మాయి సంగతేంటి?

(హైదరాబాద్‌లో గైనకాలజీ పీజీ డాక్టర్లు, నర్సులు, కొందరు తల్లిదండ్రులు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో ఒక కౌన్సెలింగ్ సైకాలజిస్ట్ చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించండి, మైకులో గాలి కొడుతోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

ముందు వరసల్లో పీజీలు ఉన్నారు, ఇటువైపు స్టాఫ్ నర్సులు, ఆ చివర కొందరు అమ్మలు, వాళ్లతో పాటు ఇద్దరు ముగ్గురు నాన్నలు కూడా కనిపిస్తున్నారు. నాన్నలు రావడం నాకు నిజంగా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఈ విషయంలో మన ఇళ్లలో తండ్రికి చెప్పేది "ఏదో చిన్న ఆపరేషన్ అట" అన్నంత వరకే, మిగతాదంతా అమ్మ కడుపులో పెట్టుకుని తిరుగుతుంది.

నేను సర్జన్‌ని కాదు. పుట్టుకతోనే గర్భసంచి, యోనిమార్గం ఏర్పడని అమ్మాయిలకి, ఆ మార్గం తయారుచేసే ఆపరేషన్‌కి ముందూ తర్వాతా కౌన్సెలింగ్ చేస్తుంటాను. ముందు అన్నాను గానీ, నిజానికి చాలామంది నా దగ్గరికి వచ్చేది తర్వాతే, అది కూడా పరిస్థితి చెయ్యి దాటిపోయాక. అన్నం మానేసిందనో, కాలేజీ మానేసిందనో, పెళ్లి మాటెత్తితే గదిలోకెళ్లి గడియ పెట్టుకుంటోందనో తీసుకొస్తారు. సర్జరీ నోట్ చూస్తే అంతా బాగానే జరిగి ఉంటుంది. గాయం మానింది, ఇన్‌ఫెక్షన్ లేదు, ఇన్ని సెంటీమీటర్ల పొడవు వచ్చింది అని రాసి ఉంటుంది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి మాత్రం నా మొహం చూడదు, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంటుంది. ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. డిశ్చార్జ్ కాగితం చేతిలో పెట్టాక ఆ అమ్మాయికి అసలు కష్టం మొదలవుతుంది, మనం సరిగ్గా అప్పుడే చేతులు దులుపుకుంటున్నాం.

అమ్మలు ఉన్నారు కాబట్టి జబ్బు గురించి ముందు కొంచెం చెబుతాను, పీజీలు ఓపిక పట్టండి. దీని పేరు ఎంఆర్‌కెహెచ్ సిండ్రోమ్. మేయర్, రోకిటాన్స్కీ, క్యూస్టర్, హౌజర్ అని నలుగురు డాక్టర్ల పేర్లలో మొదటి అక్షరాలు అవి. సుమారు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉంటుంది. హైదరాబాద్ జనాభా కోటి అనుకోండి, అందులో సగం మంది ఆడవాళ్లు అనుకోండి, ఆ లెక్కన ఈ ఒక్క ఊళ్లోనే ఒక వెయ్యి మంది దాకా ఉండాలి. ఆ వెయ్యి మందిలో ఒక్కొక్కరూ ఈ లోకంలో నాకొక్కదానికే ఇలా జరిగిందని అనుకుంటూ బతుకుతున్నారు. కూకట్‌పల్లిలో ఉండే అమ్మాయికి ఉప్పల్‌లో ఇంకొకరు ఉన్నారని తెలియదు.

బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు, మొదటి మూడు నెలల్లో, మ్యులేరియన్ నాళాలు అని ఉంటాయి, వాటి నుంచే గర్భసంచి, యోనిమార్గం పైభాగం తయారవుతాయి. వీళ్లలో అవి పూర్తిగా ఎదగవు. అండాశయాలు మాత్రం మామూలుగానే ఉంటాయి, మామూలుగానే పనిచేస్తాయి. అందుకే రొమ్ములు పెరుగుతాయి, ఒళ్లు వస్తుంది, గొంతు, జుట్టు అన్నీ అందరు ఆడపిల్లల్లాగే. క్రోమోజోములు 46 ఎక్స్ఎక్స్, అంటే ఆడపిల్లలకి ఉండేవే. పైకి ఏ తేడా కనపడదు కాబట్టే పదిహేను పదహారేళ్లు వచ్చి, నెలసరి ఇంకా రాలేదేంటని స్కానింగ్‌కి తీసుకెళ్లేదాకా ఎవరికీ తెలియదు. సుమారు మూడోవంతు మందికి కిడ్నీలకి సంబంధించిన తేడాలు కూడా ఉంటాయి, కొందరికి ఒకటే కిడ్నీ ఉంటుంది, కొందరికి వెన్నెముకలోనో వినికిడిలోనో సమస్య ఉంటుంది, అవి కూడా తప్పనిసరిగా చూపించుకోవాలి.

తల్లులకి ఒక మాట. గ్రహణం రోజు బయటికి వచ్చాననీ, బొప్పాయి తిన్నాననీ, మేనరికం చేసుకున్నాననీ మీ మీద మీరే నేరం మోపుకుంటారు, అత్తగారింట్లో ఎవరైనా అంటే ఇక చెప్పక్కర్లేదు. ఎక్కువ ఇళ్లలో ఇది ఆ ఒక్క అమ్మాయికే ఉంటుంది, ఇదిగో దీనివల్లే అని వేలు పెట్టి చూపించగలిగిన ఒక్క కారణం ఇంతవరకూ దొరకలేదు. మీరు చేసిన తప్పు ఏమీ లేదు. ఇది మీకు ఓదార్పు కోసం చెబుతున్నది కాదు, మీరు నేరం చేసినట్టు తల దించుకుని తిరిగితే మీ అమ్మాయి తనే ఆ నేరం అనుకుంటుంది, అందుకు చెబుతున్నాను.

ఇక ఆపరేషన్ సంగతి. చాలామంది అనుకున్నట్టు అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. అమెరికా గైనకాలజిస్టుల సంఘం ఏసీఓజీ 2018లో ఇచ్చిన సలహా చూడండి, మొదట చేయాల్సింది డైలేటర్లతో, అంటే నున్నటి కడ్డీల్లాంటి పరికరాలతో, యోనిమార్గాన్ని మెల్లమెల్లగా సాగదీయడమే అంటుంది, సరిగ్గా నేర్పించి, పక్కన ఉండి చేయిస్తే నూటికి తొంభై మందికి పైగా దానితోనే సరిపోతుందని చెబుతుంది. అది కుదరనివాళ్లకీ, అన్నీ తెలుసుకున్నాక కూడా ఆపరేషనే కావాలనుకున్నవాళ్లకీ సర్జరీ. తొడ మీద చర్మం తీసి పెట్టే మెకిండో పద్ధతి ఉంది, మన దగ్గర చర్మం బదులు ఉమ్మనీటి పొర వాడేవాళ్లూ ఉన్నారు, ల్యాప్రోస్కోపీతో చేసే వెకియెట్టి, డేవిడోవ్ పద్ధతులున్నాయి, పేగు ముక్కతో చేసేది ఉంది. ఏది ఎవరికి అన్నది సర్జన్ చెప్పాలి, నేను చెప్పకూడదు. నేను చెప్పగలిగింది ఏంటంటే, ఎప్పుడు అన్నది మాత్రం అమ్మాయి చెప్పాలి.

ఇది అత్యవసర ఆపరేషన్ కాదండీ. లోపల రక్తం నిలిచిపోయి ప్రతి నెలా మెలిపెట్టే నొప్పి వచ్చే కేసులు వేరు, వాటికి ఆగకూడదు. మిగతావాళ్లకి పదహారేళ్లకి చేసినా, ఇరవై రెండేళ్లకి చేసినా వైద్యపరంగా వచ్చే నష్టం ఏమీ లేదు. మరి ఎందుకు తొందర? సంబంధం వచ్చింది, రెండు నెలల్లో ముహూర్తం, ఈలోపు అయిపోవాలి. ఇదీ తొందర. అమ్మాయిని అడిగితే "అమ్మ చేయించుకోమంది" అంటుంది. నీకు కావాలా అని ఎవరూ అడగలేదు, అసలు ఏం చేయబోతున్నారో బొమ్మ గీసి చూపించినవాళ్లు లేరు. అలా వచ్చిన అమ్మాయి ఆపరేషన్ తర్వాత చేయాల్సిన పని చేయదు, చేయలేదు కూడా, ఎందుకంటే అది తనకోసం జరిగిందని తనకి అనిపించదు. ఎవరో రాబోయే భర్త కోసం తన ఒంటికి మరమ్మతు చేశారనిపిస్తుంది. ఈ మాట ఒక అమ్మాయి నాతో అన్నది, నేను కల్పించింది కాదు.

వార్డులో జరిగేది ఒకటి చెబుతాను, నర్సులకి తెలిసిందే. ఆపరేషన్ తర్వాత, చేసిన మార్గం మూసుకుపోకుండా లోపల పెట్టే అచ్చుని మోల్డ్ అంటారు, ఆ మోల్డ్‌కి కండోమ్ తొడుగుతారు, దానికి తేలికైనదీ శుభ్రమైనదీ అదే కాబట్టి. కావాల్సిన సామాన్ల చీటీ రాసి అటెండెంట్ చేతికి ఇస్తారు. అటెండెంట్ ఎవరు? నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన తండ్రి. కళ్లద్దాలు లేక మెడికల్ షాపు కుర్రాడికి చీటీ ఇస్తే, వాడు గ్లౌజులు, గాజుగుడ్డ, జెల్లీతో పాటు కండోమ్ ప్యాకెట్లు కౌంటర్ మీద పెట్టి "ఇవి ఎన్ని కావాలి?" అని గట్టిగా అడిగాడు. పెళ్లికాని కూతురికి ఇవెందుకో ఆయనకి ఎవరూ చెప్పలేదు. వార్డుకి వచ్చి కవరు మంచం మీద పడేసి బయటికి వెళ్లిపోయాడు, డిశ్చార్జ్ రోజు వరకు కూతురితో మాట్లాడలేదు. అమ్మాయికి కారణం తెలియదు. నాన్నకి నేనంటే అసహ్యం వేసిందనుకుంది. వివరాలు మార్చి చెబుతున్నాను గానీ ఇలాంటివి మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి. ఆ సామాను వార్డులోనే ఇచ్చే ఏర్పాటు ఉంటే, అది లేనప్పుడు కనీసం "ఇది మోల్డ్‌కి తొడగడానికి నాన్నగారూ, ఇంకేం లేదు" అని ఒక్క ముక్క చెబితే ఆ ఇంట్లో అన్నాళ్ల మౌనం ఉండేది కాదు. మానసిక మద్దతు అంటే పెద్ద పెద్ద మాటలు వద్దు, ఇక్కడ మొదలుపెట్టండి.

ఇంటికి వెళ్లాక ఏం జరుగుతుందో ఇప్పుడు చూద్దాం. ఏ పద్ధతిలో చేశారన్నదాన్ని బట్టి వారాలు, నెలల పాటు మోల్డ్ ఉంచుకోవాలి, ఆ తర్వాత రోజూ డైలేటర్ వాడాలి. వాడకపోతే మార్గం మూసుకుపోతుంది, చేసిన ఆపరేషన్ వృథా అవుతుంది. డిశ్చార్జ్ సమ్మరీలో ఇది ఒకటే లైను, "రెగ్యులర్ డైలటేషన్ అడ్వైజ్డ్". ఆ ఒక్క లైను వెనక ఎంత ఉందో ఆలోచించండి. కడిగి ఆరబెట్టుకోవాలి, జెల్లీ కావాలి, పడుకోవడానికి చోటు కావాలి, పావుగంటో అరగంటో ఎవరూ తలుపు కొట్టకూడదు. రెండు గదుల ఇల్లు, నానమ్మ, తమ్ముడు, పనిమీద వచ్చే పిన్ని, బాబాయి. గడియ పెడితే "ఏం చేస్తున్నావే లోపల?" అని అరుపు. అమీర్‌పేట హాస్టల్‌లో కోచింగ్ తీసుకునే అమ్మాయి అయితే, గదికి నలుగురు, మంచానికి మంచానికి మధ్య సూట్‌కేసు పట్టేంత సందు. ఒకమ్మాయి పొద్దున అయిదు కాకముందే లేచేది, మిగతావాళ్లు లేవకముందే బాత్రూమ్‌లో పని ముగించుకోవాలని. డైలేటర్‌ని జ్యామెట్రీ బాక్సు పౌచ్‌లో పెట్టి, టవల్‌లో చుట్టి, బకెట్‌లో బట్టల కింద పెట్టుకుని వెళ్లేది. తడి నేల మీద ఒక పాత చాప. బయట ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చినట్టు వినిపిస్తే చాలు, ఒళ్లంతా బిగుసుకుపోయేది. బిగుసుకుపోతే నొప్పి. నొప్పి వేస్తే మర్నాడు చేయబుద్ధి కాదు. ఒక రోజు మానేస్తుంది, తర్వాత నాలుగు రోజులు, ఆ పైన భయం, చెకప్‌కి వెళితే డాక్టరమ్మ తిడుతుందని ఓపీకే రాదు.

వచ్చిన రోజు నిజంగానే తిట్లు పడతాయి. "ఇంత కష్టపడి చేస్తే నువ్వు చూసుకోవేంటమ్మా?" ఎంతోమంది అమ్మాయిలు నాకు ఈ మాట అప్పజెప్పారు, డాక్టర్ గొంతుతో సహా. పీజీలూ, ఇది మీకే చెబుతున్నాను. డైలేటర్ మానేసిన అమ్మాయిని చూస్తే బద్ధకం అనుకోకండి. ఎక్కడ చేసుకుంటున్నావు, గదికి గడియ ఉందా, నొప్పి ఎక్కడ వేస్తోంది, చేసేటప్పుడు మనసులో ఏమనిపిస్తోంది అని అడగండి. కొందరికి అది చేతిలోకి తీసుకోగానే ప్రతిసారీ "నువ్వు మామూలు ఆడదానివి కాదు" అని ఎవరో చెప్పినట్టు ఉంటుంది. రోజుకి రెండుసార్లు ఆ మాట వినాలంటే ఎవరికైనా కష్టమే. ఇలాంటప్పుడు ఊపిరి తీసుకునే పద్ధతి, కటి కండరాల్ని వదులు చేసే పద్ధతి నేర్పిస్తాం, ఫిజియోథెరపిస్ట్ సాయం తీసుకుంటాం, మొదట అద్దంలో తన శరీరాన్ని తను చూసుకోమంటాం. తన ఒంటి భాగాల పేర్లు తనకే తెలియని అమ్మాయిలు ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లలోనూ ఉన్నారు. బయట కనిపించే భాగాలన్నీ మామూలుగానే ఉన్నాయి, స్పర్శ మామూలే, సుఖం కూడా మామూలే అని చెప్పినప్పుడు వాళ్ల మొహాల్లో వచ్చే మార్పు చూడాలి. ఈ ముక్క వాళ్లకి అంతకుముందు ఒక్కరూ చెప్పి ఉండరు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని అర్థం చేసుకోలేక తల్లిదండ్రులు గాభరా పడతారు. ఆపరేషన్‌కి ముందు ధైర్యంగా ఉన్న పిల్ల, అంతా బాగా అయ్యాక ఏడవడం మొదలుపెడుతుంది. "అయిపోయింది కదా, ఇంకెందుకు ఏడుపు?" అంటారు. ముందంతా ఆపరేషన్ అనే గమ్యం ఒకటి ఉంది, అది అయితే నేను అందరిలా అవుతానన్న ఆశ ఉంది. అయ్యాక తెలుస్తుంది, నెలసరి రాదు, కడుపు పండదు, అవి మారలేదు. పదహారేళ్లప్పుడు పడాల్సిన దుఃఖం అది, అప్పుడు స్కానింగులు, ప్రయాణాలు, దాచడాలతో తీరిక లేక పడలేదు, ఇప్పుడు పడుతోంది. ఏడవనివ్వండి. కానీ వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి మానేసినా, చచ్చిపోవాలనుంది అన్నా వెంటనే సైకియాట్రిస్ట్‌కి చూపించండి, "ఆపరేషన్ నీరసం" అని సరిపెట్టకండి.

దాచడాలు అన్నాను కదా. మన దగ్గర నెలసరి అనేది ఇంటి గుట్టు అంటారు గానీ, నిజానికి ఊరంతటికీ తెలిసే పండగ. పెద్దమనిషి అయిందంటే బంతి భోజనాలు పెడతారు, ఓణీల ఫంక్షన్ చేస్తారు, ఫ్లెక్సీ కూడా వేస్తారు. చెల్లెలి ఫంక్షన్‌లో పసుపు కుంకుమ పంచుతూ నిలబడ్డ అక్కని ఎవరో మేనత్త "దీనిది ఎప్పుడు చేశారు, మాకు చెప్పనే లేదే?" అంటుంది. పూజలప్పుడు "నీకెప్పుడూ అడ్డం రాదేంటే, అదృష్టవంతురాలివి" అంటుంది ఇంకొకావిడ. ఆ అమ్మాయి నెలకోసారి ప్యాడ్ల ప్యాకెట్ కొనుక్కుని, కడుపునొప్పి అని పడుకుని, వాడని ప్యాడ్లు కాగితంలో చుట్టి పారేస్తుంది. ఏళ్ల తరబడి. ఆపరేషన్ అయ్యాక కూడా ఈ నాటకం ఆగదు, ఎందుకంటే ఆపరేషన్‌తో నెలసరి రాదు. అంత అలసట మోస్తున్న మనిషిని "మొండిది", "ఎవరితోనూ కలవదు" అనడం ఎంత అన్యాయమో చూడండి.

అందుకే తనలాంటి ఇంకో మనిషిని కలపడం అన్నిటికంటే బాగా పనిచేస్తుందని నా అనుభవం. ఆపరేషన్ అయ్యి రెండు మూడేళ్లు గడిచినవాళ్లలో, ఒప్పుకున్నవాళ్లని, కొత్తగా వచ్చిన అమ్మాయితో కూర్చోబెడతాను. నేను గంటసేపు చెప్పింది వాళ్లు పది నిమిషాల్లో చెబుతారు, నవ్వుతూ చెబుతారు. ఏ జెల్లీ మంటపుడుతుందో, రూమ్మేట్‌కి ఏం చెప్పాలో వాళ్లకే తెలుసు. 2007లో లండన్‌లో కొందరు పరిశోధకులు ఈ సమస్య ఉన్నవాళ్లని గ్రూపుగా కూర్చోబెట్టి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచించే తీరు, నడుచుకునే తీరు మార్చుకోవడం నేర్పే చికిత్స, ఇచ్చి చూశారు, ఇంకా చికిత్స మొదలుపెట్టకుండా వెయిటింగ్ లిస్టులో ఉంచినవాళ్లతో పోలిస్తే వీళ్లలో మానసిక ఇబ్బంది బాగా తగ్గింది. మందు కాదు, మెషీన్ కాదు, ఒక గది, కొన్ని కుర్చీలు, శిక్షణ ఉన్న ఒక మనిషి. మనకి ఇది కుదరదా? ఏ పెద్దాసుపత్రిలో అయినా నెలకోసారి ఒక గది ఖాళీగా దొరకదా?

పెళ్లి. అందరూ దీనికోసమే చూస్తున్నారు, నాకు తెలుసు. చెప్పాలా వద్దా? చెప్పాలి. ఎవరికి చెప్పాలి? చేసుకోబోయేవాడికి. మధ్యవర్తికీ, పెళ్లిళ్ల బ్యూరోకీ, అబ్బాయి వదినకీ కాదు. మాటలు కొంత ముందుకెళ్లి, మనిషి నమ్మదగ్గవాడనిపించాక, నిశ్చితార్థం కాకముందు, వీలైతే అమ్మాయే స్వయంగా, అవసరమైతే డాక్టర్ దగ్గర కూర్చోబెట్టి చెప్పాలి. దాచి చేస్తే ఏమవుతుందో కూడా వినండి. ముఖ్యమైన విషయం దాచి మోసం చేశారంటూ పెళ్లి రద్దు చేయమని కోర్టుకి వెళ్లే వీలు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. అక్కడ ఈ అమ్మాయి శరీరం గురించి నలుగురి ముందు మాట్లాడతారు. దాచమని సలహా ఇచ్చిన పెద్దమనుషులు ఆరోజు కనపడరు. విని కాదన్నవాళ్లు ఉంటారు, కొన్నిసార్లు చాలా బాధగా ఉంటుంది, ఆ బాధకి ముందే సిద్ధం చేయడం నా పని. విని ఒప్పుకున్నవాళ్లు కూడా ఉన్నారు, నేను చూశాను. అసలు పెళ్లే వద్దనుకున్న అమ్మాయిలూ ఉన్నారు, వాళ్లకి ఏదో లోపం వల్ల అలా అనిపిస్తోందని అనుకోకండి, వాళ్లిష్టం.

పిల్లల విషయం త్వరగా చెప్పేస్తాను. అండాశయాలు బాగుంటాయి కాబట్టి తన అండంతో, భర్త వీర్యంతో సరోగసీ, అంటే ఇంకొకరి గర్భంలో బిడ్డని మోయించడం, సాధ్యమే. 2021 సరోగసీ చట్టం ప్రకారం డబ్బుకి చేయించుకోవడం కుదరదు, జంటగా వెళ్లేవాళ్లకి పెళ్లయి ఉండాలి, భార్యకి 23 నుంచి 50 ఏళ్లు, భర్తకి 26 నుంచి 55 ఏళ్లు ఉండాలి. గర్భసంచి లేకపోవడం చట్టం ఒప్పుకునే కారణాల్లో ఒకటి. అండాలు కూడా సరిగా లేని ఒక ఎంఆర్‌కెహెచ్ మహిళ సుప్రీంకోర్టుకి వెళితే 2023 అక్టోబర్‌లో ఆమెకి ఊరట దొరికింది, 2024 ఫిబ్రవరిలో నిబంధన కూడా మార్చారు, భార్యాభర్తల్లో ఒకరికి వైద్యపరమైన సమస్య ఉంటే జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌తో దాత అండమో వీర్యమో వాడుకోవచ్చు. దత్తత దారి ఉంది. గర్భసంచి మార్పిడి కూడా వచ్చింది, 2014లో స్వీడన్‌లో అలా మొదటి బిడ్డ పుట్టింది, ఆ తల్లికి ఉన్నది ఈ సమస్యే. మన దేశంలో 2017లో పుణెలో మొదటిసారి చేశారు. ఖర్చు, మందులు, ప్రమాదం అన్నీ ఎక్కువే, కాబట్టి పేపర్లో చదివి ఆశలు పెంచకండి. పద్దెనిమిదేళ్ల పిల్లకి ఇవన్నీ ఒకే రోజు కుమ్మరించకండి కూడా. అడిగినప్పుడు, అడిగినంత చెప్పండి.

సరే, ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక స్టాఫ్ నర్సు: "మేడం, మీరు చెప్పినవన్నీ బాగున్నాయి గానీ వార్డులో మాకు అంత టైమ్ ఎక్కడుంటుంది? ఒక్కదాన్ని ముప్పై మందిని చూడాలి.")

నిజమేనమ్మా, మీ మీద ఇంకో బరువు పెట్టడానికి రాలేదు నేను. టైమ్ అక్కర్లేనివే అడుగుతాను. డ్రెస్సింగ్ చేసేటప్పుడు తెర లాగండి. రౌండ్స్‌లో పదిమంది విద్యార్థులు వస్తే, చూపించవచ్చా అని అమ్మాయిని అడిగాకే దుప్పటి తీయండి, ముగ్గురిని మాత్రమే ఉండమనండి. కేస్ షీట్ మంచానికి వేలాడదీయకండి, పక్క మంచం అటెండెంట్లు చదువుతారు. "ఏం ఆపరేషన్?" అని పక్కవాళ్లు అడిగితే ఏం చెప్పాలో అమ్మాయికి ముందే ఒక మాట నేర్పించండి, "లోపల చిన్న సమస్య, సరిచేశారు" అంటే చాలు. డిశ్చార్జ్ అయిన వారానికి ఒక ఫోన్, నెలకి ఒక ఫోన్, ఆ తర్వాత మూడు నెలలకోసారి ఏడాది పాటు. ఆ ఫోన్ నర్సు చేయనక్కర్లేదు, సోషల్ వర్కర్ చేయవచ్చు, కానీ నంబరు అమ్మాయిదే తీసుకోండి. తండ్రి నంబరుకి చేసి "డైలేటర్ వాడుతోందా?" అని అడిగిన సందర్భాలు ఉన్నాయి, ఎక్కడని చెప్పను, దయచేసి అలా చేయకండి.

(ఒక పీజీ డాక్టర్: "గర్భసంచి లేదన్న మాట అమ్మాయికి చెప్పొద్దని తల్లిదండ్రులు చేతులు పట్టుకుని బతిమాలుతారు మేడం. అప్పుడేం చేయాలి?")

మంచి ప్రశ్న. వాళ్ల మీద కోప్పడకండి ముందు. చెబితే పిల్ల ఏమైపోతుందోనన్న భయం అది. ఆ భయం గురించి వాళ్లతోనే మాట్లాడండి, అవసరమైతే రెండు మూడు సార్లు కూర్చోబెట్టండి. కానీ చెప్పకుండా ఆపరేషన్ చేయకండి. పద్దెనిమిది నిండితే సంతకం తనది, తెలియని దానికి సంతకం ఎలా పెడుతుంది? నిండకపోయినా తన వయసుకి అర్థమయ్యేలా చెప్పాలి. ఈరోజుల్లో రిపోర్టు మీద ఉన్న పేరు ఫోన్లో కొడితే అరనిమిషంలో తెలుస్తుంది, రాత్రి ఒంటిగంటకి దుప్పట్లో దూరి ఒక్కతే చదువుకుంటుంది. మీ నోటితో, పగటిపూట, పక్కన అమ్మ ఉండగా వింటే వేరు. చెప్పేటప్పుడు ఉన్నవాటితో మొదలుపెట్టండి, అండాశయాలు ఉన్నాయి, హార్మోన్లు ఉన్నాయి, నువ్వు పూర్తిగా ఆడపిల్లవే అని. ఆ తర్వాత లేనిది చెప్పండి. చెప్పి వెంటనే లేచిపోకండి, వారంలోపు మళ్లీ రమ్మనండి, ఎందుకంటే ఆరోజు చెప్పిందాంట్లో సగం తన చెవికెక్కదు.

(వెనక వరసలో నుంచి ఒక తల్లి: "అమ్మా, మాది ఆపరేషన్ అయి ఆరు నెలలైంది. అది వాడమంటే వాడట్లేదు, అడిగితే తలుపేసుకుంటోంది. నేనేం చేయను?")

కూర్చోండమ్మా, కూర్చుని మాట్లాడండి. మీరు రోజూ అడుగుతున్నారా? ఊ. ఒక పది రోజులు ఆ మాటే ఎత్తకండి. కాలేజీ ఎలా ఉంది, ఏం తింటావు అన్నవే మాట్లాడండి. ఇప్పుడు ఇంట్లో మీ ఇద్దరి మధ్య ఇంకో మాటే లేకుండా పోయింది, మిమ్మల్ని చూస్తేనే తనకి అది గుర్తొస్తోంది. ఈలోపు రెండు పనులు చేయండి. తన గదికి లోపలి గడియ పెట్టించండి, రోజుకి ఒక గంట ఆ తలుపు ఎవరూ కొట్టకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి, కారణం చెప్పక్కర్లేదు, చదువుకుంటుందనండి. రెండోది, సర్జన్ దగ్గరికి ఒకసారి తీసుకెళ్లండి, మార్గం ఎంతవరకు ఉందో చూస్తారు. కొంచెం తగ్గి ఉన్నా చిన్న సైజు డైలేటర్‌తో మళ్లీ మొదలుపెట్టొచ్చు, అంతా పాడైపోయిందని తను అనుకుని ఉంటే ఆ భయం పోతుంది. లోపలికి తనని ఒక్కదాన్నే పంపండి, మీరు బయట కూర్చోండి. మీతో చెప్పనిది డాక్టర్‌తో చెబుతుంది.

రాత్రిపూట ఏడుస్తోందన్నారు కదా ఇందాక బయట. 14416 రాసుకోండి, టెలీ మానస్ అని మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ లైను, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, తను చేయకపోతే మీరైనా చేయండి, మీకూ అవసరమే. నేరుగా చూపించాలంటే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది, అక్కడికి వెళితే ఎవరైనా చూస్తారని మీకు భయంగా ఉంటే ఏ పెద్ద ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకైనా వెళ్లొచ్చు. మీరు చెప్పింది బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది. ఇక్కడ అయిపోయాక మీరు వెళ్లకుండా ఉండండి, నాతో పనిచేసే అమ్మాయి ఒకరు వచ్చారు, తనకీ అయిదేళ్ల క్రితం ఇదే ఆపరేషన్ అయింది, మీ పాపతో ఫోన్‌లో మాట్లాడటానికి ఒప్పుకుంది. పాప సరే అంటేనే సుమా, ముందు పాపని అడగండి.